కొట్టినవాడే కట్టుకు రావాలి

నా కుడికాలు మోకాలి కింద ఒకసారి విరిగింది. విరగ్గొట్టినవాడు హంగేరీ దేశస్థుడు. చిత్తూరు దాటి పెద్దగా ఎక్కడికీ పోని మనిషికి హంగేరీవాడి చేత కాలు విరగ్గొట్టించుకునే యోగం ఎలా పట్టిందని నా శిష్యులు ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్ళకు నేను సగం కథే చెబుతాను. నవ్వొచ్చే సగం. మిగతా సగంలో నా తప్పుంది. అది ఇక్కడ రాసి పెడుతున్నాను.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. నేను చిత్తూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుని. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళయి ఏడాది. సాయంత్రాలు నీవా నది ఇసుకలో, ఆదివారాలు స్కూలు మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. మా జట్టులో కోర్టు గుమాస్తాలు, ఆసుపత్రి కాంపౌండరు, చర్చి బళ్ళో పాఠం చెప్పే ఇద్దరు అన్నదమ్ములు, జట్కా తోలే అతనొకడు ఉండేవాళ్ళు. అందరం ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళమే. గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డుని నేను. నా ముక్కు మీద కోపం ఊరందరికీ తెలుసు. ఏటా ఒకసారి తిరుపతి జట్టుతో పోటీ, ఏటా ఓటమి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒక ఏడు ఎండ కళ్ళలో కొట్టిందని, ఒక ఏడు రెఫరీ వాళ్ళ మేనమామ అని నేనే కారణాలు చెప్పేవాణ్ణి.

అప్పుడు వచ్చాడు ఆయన, మేమంతా దొర అని పిలిచిన ఆ హంగేరీ మనిషి. నలభై దాటిన మనిషి, పొడుగు, ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. మద్రాసులో దొరల క్లబ్బు ఒకటి ఫుట్‌బాల్ నేర్పడానికి పిలిపించుకుంది. ఆయన దేశం యుద్ధంలో అవతలి పక్షం చేరేసరికి క్లబ్బు వదిలేసింది, సర్కారు పట్టుకుంది. జైల్లో పెట్టేంత నేరం కనబడక చిత్తూరులో ఉండమన్నారు. రెండే షరతులు. రోజూ సాయంత్రం పోలీసు స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలి. ఏ రోడ్డులోనైనా సరే, ఊరి బయట రెండో మైలురాయి దాటకూడదు. దాటితే ఎక్కడో ఉత్తరాన, ముళ్ళకంచె లోపల, శత్రుదేశాల వాళ్ళను పెట్టే క్యాంపుకు పంపుతారు. ఈ సంగతి ఊళ్ళో పాలు పోసే ఆమెకు కూడా తెలుసు.

ఒక సాయంత్రం నీవా గట్టు మీద నిలబడి మా ఆట చూశాడు. మర్నాడూ వచ్చాడు. మూడోనాడు కిందికి దిగి, నన్ను పిలిచి, ఇంగ్లీషులో, "మీలో ఎవరికైనా ఇంకొకరు ఆడుతున్నట్టు తెలుసా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నది నిజమే. మా ఆటలో బంతి దొరికినవాడు, అవతలివాడు లాక్కునేదాకా దాన్ని వదిలేవాడు కాదు.

నెల తిరిగేలోపు ఆయన మాకు గురువైపోయాడు. మొదటి వారం బంతి ముట్టుకోనివ్వలేదు, ఇసుకలో పరుగెత్తించాడు. రెండో వారం బంతి ఇచ్చి నోళ్ళు మూయించాడు, ఆడేటప్పుడు ఒక్క మాట మాట్లాడకూడదు. అరవకుండా ఆడాలంటే పక్కవాణ్ణి చూడాలి కదా, అది ఆయన ఉపాయం. తర్వాత మా అందరికీ చెప్పులు కుట్టే అతని చేత బూట్లు కుట్టించాలని పట్టుబట్టాడు. స్కూలువాళ్ళు ఒప్పుకుని కుట్టించారు. ఆ ఆదివారం మేమందరం బూట్లు తొడుక్కుని టకటకా నడిచి వచ్చి, మైదానం గీత దగ్గర ఆగి, ఇంటి ముందు విడిచినట్టు వరసగా విడిచేసి, నేలకు దణ్ణం పెట్టి లోపలికి పోయాం. గరిడీలో సాము చేసినవాళ్ళం, ఆడే నేలను తోలుతో తొక్కుతామా? ఆయన ఆ పదకొండు జతల బూట్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గీత మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. బూట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. నా శిష్యులకు నేను చెప్పే సగం కథ ఇదే.

ఆయన గురించి నాకు తెలిసింది తక్కువ, ఆయన చెప్పిందే అంత. వాళ్ళ నాన్న బుడాపెస్టులో ట్రాము కండక్టరు. వీధిలో గుడ్డల బంతితో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళకు పెద్ద క్లబ్బులో సెంటర్ ఫార్వర్డు అయ్యాడు. ఆయన గోల్ కొట్టిన మర్నాడు వాళ్ళ వీధి రొట్టెల కొట్టువాడు రొట్టెలు ఊరికే ఇచ్చేవాడట. ఇరవై తొమ్మిదో ఏట అవతలి జట్టువాడొకడు అడ్డం వచ్చి తంతే ఎడమకాలు విరిగింది. ఆసుపత్రిలో నలభై రోజులు పడుకున్నాడు. "తన్నినవాడు వస్తాడని ఆ నలభై రోజులూ తలుపు వైపే చూశాను. అదే ఊరివాడు, నాలుగు వీధుల అవతల ఇల్లు. రాలేదు," అని చెప్పాడు ఒకసారి, ఇసుకలో కూర్చుని. ఎముక వంకరగా అతికింది. ఆట పోయింది. చిన్న చిన్న ఊళ్ళ జట్లకు నేర్పుకుంటూ, దేశాలు తిరుగుతూ, చివరికి మద్రాసు చేరాడు. నేను ఆ మాటలు విన్నాను కానీ మనసుకు పట్టించుకోలేదు. అప్పుడు నా ధ్యాసంతా తిరుపతి పోటీ మీద ఉంది.

ఆ పోటీకి రెండు వారాల ముందు, ఆదివారం ఉదయం, ఆయన నన్ను సెంటర్ నుంచి తీసి కుడి పక్కకు వేశాడు. నా చోట జట్కా అతన్ని పెట్టాడు. "నీకు పరుగుంది, అతనికి ఓపిక ఉంది. గోల్ ముందు నిలబడాల్సినవాడికి ఓపిక కావాలి," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను. ఇంగ్లీషులో, అందరూ వినేలా, "కుంటికాలు వేసుకుని గట్టు మీద నుంచి ఎన్నయినా చెప్పొచ్చు. దిగి ఆడి చూపించండి," అన్నాను.

ఆయన కోటు విప్పి గీత మీద పెట్టి దిగాడు. కాళ్ళకు బూట్లున్నాయి. ఆ కుంటికాలితోనే బంతి నా దగ్గర నుంచి మూడుసార్లు తీసుకున్నాడు. పరుగెత్తలేదు, నేను రాబోయే చోటికి ముందే వచ్చి నిలబడ్డాడంతే. నాలుగోసారి నేను ఎద్దులాగా మీదికి పోయాను. బంతి కోసం పోయానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. బంతి కోసం పోలేదు. ఆయన బూటుకూ నా ఉత్త కాలి ఎముకకూ మధ్య చెరకు విరిచిన చప్పుడైంది.

మా నాయన ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. బంగారుపాళ్యం పక్క మామిడితోపులు కౌలుకు పట్టేవాడు. కబురు తెలిసి మైదానానికి వచ్చాడు. కాంపౌండరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామన్నాడు. మా నాయన ఆ మాట వినలేదు. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి మాకు పుత్తూరు తప్ప ఇంకో చోటు తెలియదు.

"ఎవురు కొట్టినారు?" అని అడిగినాడు.

అందరూ దొరవైపు చూశారు. ఆయన నా తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది.

"అయితే ఆయప్పే కట్టుకు పిల్చుకోని పోవాల," అన్నాడు మా నాయన. "యా దేశమోడైనా సరే. కొట్టినోడే కట్టుకు రావాల. అది మన పద్ధతి."

మా పల్లెల్లో అది ఉంది. చెట్టు మీద నుంచి తోసినా, కుస్తీలో విరిచినా, ఎవరి చేతిలో విరిగిందో వాళ్ళే పుత్తూరుకు తీసుకుపోయి, కట్టు కట్టేటప్పుడు పట్టుకుని కూర్చోవాలి. కట్టు విప్పాక విరిగినవాడు తన కాళ్ళ మీద తాను నడిచి వాళ్ళింటికి పోయి ఒక పూట తినాలి. దాంతో సరి. రెండిళ్ళ మధ్య పగ మిగలకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. మా నాయనకు ఆ పద్ధతి తెలుసు. ఆయనకు దొర హద్దు సంగతి గుర్తు లేదు.

నాకు గుర్తుంది. జట్టువాళ్ళకూ గుర్తుండే ఉంటుంది, మా నాయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం వాళ్ళకు లేదు. మా నాయన మాటలు దొరకు ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. పుత్తూరు చాలా దూరమని చెప్పలేదు. మీరు రాకూడదు, మా నాయనకు నేను సర్దిచెబుతాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కాలు మండుతోంది, కడుపులో కోపం అంతకంటే మండుతోంది. రానీ, నా నొప్పి దగ్గరుండి చూడనీ అనుకున్నాను. ఇది నా తప్పు.

ఆయన విని, లేచి, "పది నిమిషాలు," అని చెప్పి వెళ్ళాడు. టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. టోపీ కోసమే పోయాడనుకున్నాం.

అప్పుడు పెట్రోలు లేదు, బొగ్గు బస్సులు నడిచేవి. బస్సు వెనక పీపాలో బొగ్గులు రాజేసి, క్లీనరు చక్రం తిప్పి తిప్పి గాలి కొడితే ఆ పొగతో బండి కదిలేది. నా కాలికి రెండు పక్కలా వెదురుబద్దలు పెట్టి తుండుగుడ్డతో కట్టి, బస్సు చివర సీటులో పడుకోబెట్టారు. దొర కింద కూర్చుని నా కాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా ఆయన చేతులు ముందే పైకి లేచేవి. రెండో మైలురాయి కిటికీలో నుంచి నాకు కనబడింది. ఆయన వైపు చూశాను. ఆయన నా కాలివైపే చూస్తున్నాడు. కార్వేటినగరం దగ్గర ఎత్తు ఎక్కలేక బస్సు ఆగితే, మా నాయనను నా కాలి దగ్గర కూర్చోబెట్టి, తాను దిగి అందరితో పాటు నెట్టాడు.

పుత్తూరు దగ్గర కట్టు కట్టే ఇంటి ముందు బండ్లు, జనం. పొద్దు వాలే ముందు మా వంతు వచ్చింది. కట్టు కట్టే పెద్దాయన కళ్ళు మూసుకుని వేళ్ళతో ఎముక వెంబడి తడిమాడు, ఎక్స్‌రే అవసరం లేకుండా లోపలంతా చదివేశాడు. దొర నా భుజాలు పట్టుకున్నాడు. పెద్దాయన ఒక్క లాగు లాగాడు. నేను దొర చెయ్యి కొరికేశాను. ఆకుపసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొనతో గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి కట్టేశాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ దొర నడకను చూశాడు. రమ్మని సైగ చేసి ఆయన ఎడమకాలు కూడా తడిమాడు.

"ఇది ఎవురు కట్టినారప్పా?" అన్నాడు. "ఆ దినమే ఈడికి వచ్చింటే నేరుగా కట్టింటా. ఇంక కుదరదు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. "ఆ రోజు నాకు పుత్తూరు తెలియదు," అన్నాడు దొర. తెల్లవారి బస్సుకు చిత్తూరు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "మళ్ళీ వస్తాను," అన్నాడు.

నేను పుత్తూరులోనే మా మేనత్త ఇంట్లో ఉండిపోయాను. వారం వారం కట్టు మార్చాలి. నలభై దినాలు. మా వాళ్ళు వచ్చిపోయేవాళ్ళు, తిరుపతి చేతిలో మళ్ళీ ఓడిపోయామని కూడా చెప్పారు. దొర రాలేదు. అడిగితే, "పనుల్లో ఉండాడు," అనేవాళ్ళు, ముఖం తిప్పుకుని. వీధి తలుపుకు ఎదురుగా నా మంచం. చప్పుడైనప్పుడల్లా చూసేవాణ్ణి. పదో దినం దాకా ఎదురుచూశాను. ఆ తర్వాత తలుపు వైపు చూస్తూనే తిట్టుకోవడం మొదలుపెట్టాను. తెచ్చి పడేసి పోయాడు, తెల్లోడి బుద్ధి ఇంతే అని మా మేనత్తతో గట్టిగానే అన్నాను. ఆవిడ లేచి లోపలికి పోయింది.

కట్టు విప్పిన దినం ఎముక గీత గీసినట్టు నేరుగా ఉంది. చిత్తూరు చేరగానే మా నాయన, "పద్ధతి ప్రకారం ఇప్పుడు నువ్వు ఆయన ఇంటికి నడిచి పోవాల," అని ఆగి, తల దించుకున్నాడు. "పోదామన్నా ఆయన లేడు రా. కట్టులో ఉన్నోడికి సెడ్డ మాట సెప్పకూడదని అందరి నోర్లూ నేనే కట్టినాను. ఆయన్ని పుత్తూరు నుంచి రాగానే పట్టుకున్నారు. మూడో దినం రైలెక్కించినారు. అంతా నా వల్లే. కొట్టినోడే రావాలంటి గానీ, ఆ రాయి సంగతే తోచలేదు."

మా నాయన ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే. నాకు గుర్తుండీ చెప్పలేదని ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయాను.

కర్ర పట్టుకుని స్టేషన్‌కు పోయాను. సబ్ ఇన్‌స్పెక్టరు మా ఆట చూడ్డానికి వచ్చే మనిషే. తప్పు మాది, ఆయనకు ఏమీ తెలియక వచ్చాడు, అట్లా రాసి పైకి పంపండి అని బతిమాలాను.

"తెలియకనా?" అన్నాడు ఆయన. "బస్సెక్కే ముందు ఈడికే వచ్చినాడు. ఇట్లా కాలు ఇరిగింది, పుత్తూరికి పోతా ఉండాను, సాయంత్రం సంతకానికి రాలేను అని సెప్పినాడు. పోవద్దు సామీ, పోతే నేను రాయాల, రాస్తే మిమ్మల్ని క్యాంపుకు ఏస్తారు అని సేతులు పట్టుకున్నాను. రాయండి అనేసి టోపీ పెట్టుకుని పోయినాడు. నేను రాసినాను. నాకు మాత్రం బాగుందా?"

ఆ పది నిమిషాలు ఆయన ఎక్కడికి పోయాడో అప్పుడు తెలిసింది. సిగ్గుతో స్టేషన్ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

క్యాంపుకు జాబులు రాశాను. రెండింటికి జవాబు వచ్చింది, సగం మాటలు సెన్సారువాళ్ళు నల్లగా కొట్టేసి. మిగిలిన మాటల్లో కాలు ఎలా ఉందనే ప్రశ్న రెండుసార్లూ ఉంది. నేను మళ్ళీ ఆడాను కానీ పాత పరుగు రాలేదు. జట్కా అతన్ని సెంటర్‌లోనే ఉంచి, గట్టు మీద నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. యుద్ధం చివరి ఏడు తిరుపతిని ఒక గోల్ తేడాతో గెలిచాం. గోల్ ముందు కదలకుండా నిలబడి కొట్టింది జట్కా అతనే.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు ఒక కార్డు వచ్చింది. వదిలేశారు, మద్రాసులో పెట్టె ఉంది, అది తీసుకుని ఓడ ఎక్కుతాను, ఫలానా రోజు మెయిలులో రేణిగుంట మీదుగా పోతాను అని. నా భార్య సద్దిక్యారియరు కట్టింది. మధ్యాహ్నానికి రేణిగుంట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.

మూడో తరగతి పెట్టెలో నుంచి దిగాడు. జుట్టంతా తెల్లబడింది, మనిషి సగమయ్యాడు, టోపీ మాత్రం అదే. నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టి, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో, "నడువు," అన్నాడు. నీళ్ళ కొళాయి దాకా నడిచి తిరిగొచ్చాను. ఆయన కళ్ళు నా కుడికాలి మీదే ఉన్నాయి. "ఇంకోసారి," అన్నాడు. మళ్ళీ నడిచాను. "నేరుగా ఉంది," అని తనలో తాను అనుకున్నట్టు ఇంగ్లీషులో అన్నాడు.

ఇంజను నీళ్ళు పట్టుకునేంత సమయం ఉంది. ఇన్నేళ్ళూ దాచుకున్నది అక్కడే చెప్పేశాను. హద్దు గుర్తుండీ చెప్పలేదని, కోపంతో రానిచ్చానని, పైగా పుత్తూరులో మంచం మీద పడుకుని మీరు రాలేదని తిట్టుకున్నానని చెప్పాను.

"తలుపు వైపు చూశావా?" అని అడిగాడు.

"నలభై రోజులూ చూశాను," అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుపోయింది. అంతకుముందు నేను క్యాంపు ముళ్ళకంచెల గురించి అడిగినప్పుడు కూడా అట్లా కాలేదు. "అది జరగకూడదనే వచ్చాను," అన్నాడు మెల్లగా.

తర్వాత నేను పద్ధతిలో మిగిలిన సగం చెప్పాను. నేను నడిచి వచ్చి మీ ఇంట్లో ఒక పూట తినాలి, ఇన్నేళ్ళుగా అది నిలిచిపోయింది అని. నాకు ఇల్లు లేదే అన్నాడు ఆయన. బుడాపెస్టులో వాళ్ళ వీధి మిగిలిందో లేదో కూడా తెలియదట. కొంచెం ఆలోచించి, నా చెయ్యి పట్టుకుని రైలు పెట్టెలోకి ఎక్కించాడు. పక్కవాళ్ళను జరగమని, తన చోటులో నన్ను కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు. సంచిలో నుంచి కాగితంలో చుట్టిన రొట్టె తీసి, సగం విరిచి నా చేతిలో పెట్టాడు. ఎండి అట్టలాగా ఉంది. ఒక్క తునక మిగల్చకుండా తిన్నాను. నేను తినడం ఆయన నిలబడి చూశాడు. నేను తెచ్చిన సద్దిక్యారియరు ఆయన సీటు కింద పెట్టి, కూత వేశాక దిగాను.

ఇంటికి రాగానే మా నాయన వీధిలోకే ఎదురొచ్చాడు.

"తింటివా?" అన్నాడు.

"తిన్నాను నాయనా."

"ఏం పెట్టినాడు?"

"రొట్టె."

"కడుపు నిండిందా?" అని అడిగాడు. నిండిందన్నాను.